మా నానమ్మ అబద్ధం ఆడలేదు

ఆ రోజుల్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళంటే లోకానికి ఎంత గౌరవమో, ఇంగ్లీషు చెప్పేవాళ్ళంటే అంత చులకన. మా స్టాఫ్ రూములో లెక్కల సారుకి కుర్చీ ఉండేది, ఫిజిక్స్ సారుకి ఫ్యాను కింద కుర్చీ ఉండేది, ఇంగ్లీషు మేడమ్‌కి మాత్రం అటెండెన్సు రిజిస్టర్లు పెట్టే బల్ల అంచు ఉండేది. ర్యాంకు తేలేని సబ్జెక్టుకి కుర్చీ ఎందుకు దండగ? నరసరావుపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ అది. (పేరు చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు, ఇప్పటికి మూడుసార్లు మార్చుకుంది.) నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, మొదటి ఉద్యోగం. ఆ ఉద్యోగం మానేటప్పుడు జరిగిన ఒక వ్యవహారం గురించి మా బంధువుల్లో ఇప్పటికీ "ఆడపిల్ల అంత మోసం చేసిద్దా" అని బుగ్గలు నొక్కుకునేవాళ్ళున్నారు. నొక్కుకోనివ్వండి, బుగ్గలు వాళ్ళవి. ఎవరు ఎవర్ని మోసం చేశారో మీరే తేలుద్దురుగాని, ముందు సంగతి వినండి.

కాలేజీకి యజమాని అయిన కరస్పాండెంటు గారిని మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. ఎప్పుడూ నవ్వే మనిషి. ఫీజు కట్టని పిల్లవాడి తండ్రితో ఎంత నవ్వుతూ మాట్లాడేవారో, కట్టినవాడితోనూ అంతే నవ్వుతూ మాట్లాడేవారు. నేను చేరిన రోజునే పదో తరగతి నుంచి బీఈడీ దాకా నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని తన గదిలోని బీరువాలో పెట్టేశారు. మధ్యలో మానేసి పోకుండా అప్పట్లో చాలాచోట్ల ఉన్న పద్ధతే. "మీ ఇంట్లో అయితే ఎలకలు కొడతాయమ్మా, ఇది ఇనప బీరువా" అన్నారు. నేను థాంక్యూ సార్ అని కూడా అన్నాను. ఆ థాంక్యూ గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గొడవ మొదలైంది ఒక పాఠంతో. ఎంట్రన్సు పరీక్షల కోసమని పిల్లలందరితో ఒక గైడు కొనిపించారు. అందులో కన్నింగ్, స్లై, క్రాఫ్టీ, వైలీ, ష్రూడ్, డిసీట్‌ఫుల్ అని ఆరు మాటలు ఒకదాని కింద ఒకటి రాసి, ఆరింటికీ కలిపి పక్కన ఒకే అర్థం ఇచ్చారు: మోసపూరితమైన. పిల్లలు దాన్ని ఎక్కం చదివినట్టు చదువుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. అత్తను, పిన్నిని, పెద్దమ్మను, మేనత్తను వరసగా నిలబెట్టి "ఆడవాళ్ళు" అని చీటీ అంటించినట్టుంది. అసలు ఆ తేడాలు తెలియనివాళ్ళమా మనం? మన దగ్గర టోపీ పెట్టేవాడు వేరు, పంగనామం పెట్టేవాడు వేరు, చెవిలో పువ్వు పెట్టేవాడు వేరు. గడుసువాణ్ణి గడుసువాడివంటే లోలోపల మురిసిపోతాడు, టక్కరివాడివంటే కర్ర తీసుకుని వస్తాడు. అందుకని గైడు మూయించి, ఒక్కో మాటకి మీ ఊళ్ళో ఒక మనిషిని వెతుక్కురండి, పేరు చెప్పొద్దు, వరస మాత్రమే చెప్పండి అన్నాను.

మర్నాటి నుంచి నా క్లాసుకి రొంపిచెర్ల చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చి కూర్చున్నాయి. అమాయకంగా మొహం పెట్టి, మడి కట్టుకున్న అత్తగారి జాడీలోంచే ఆవకాయ బద్దలు ఏరుకుతినే ఒకరి బాబాయి స్లై అయ్యాడు. గట్టు తగాదాలో గెలవడానికి పదిహేనేళ్ళ ముందే గట్టు మీద వేపమొక్క నాటి, అది చెట్టయ్యాక "మా తాత కాలం నాటి హద్దు" అని చూపించిన పెదనాన్న క్రాఫ్టీ అయ్యాడు. (ఆ పనితనానికి క్లాసంతా చప్పట్లు కొట్టింది.) ష్రూడ్ అనే మాటకి నేనే మా నానమ్మను ఇచ్చాను. గేదెను కొనడానికి వెళితే గేదెను చూడదావిడ, అమ్మేవాడి పెళ్ళాం మొహం చూస్తుంది. ఆ ఇల్లాలు దిగులుగా ఉంటే గేదె మంచిదని లెక్క. ఆవిడ ఎవర్నీ మోసం చెయ్యదు, ఎవరి చేతిలోనూ మోసపోదు, అదీ ఆ మాటకి అర్థం అని చెప్పాను. డిసీట్‌ఫుల్ దగ్గరికొచ్చేసరికి మిర్చి బస్తా తగాదా వచ్చింది. పైన ఎర్రటి మేలు కాయ పేర్చి, అడుగున తెల్లబోయిన తాలు కాయ పోసేవాణ్ణి ఏమనాలి? ముందు బెంచీలో పిల్ల లేచి, "అది మోసమేంది మేడమ్? కొనేవోడు మోచేతి దాకా చెయ్యి బెట్టి అడుక్కాయ తీసి చూస్తాడుగా. మనం పేరుస్తామని ఆయనకి తెలుసు, ఆయన తీస్తాడని మనకి తెలుసు. ఎదుటోడికి తెలవకుండా చేస్తేనేగా మోసం" అంది. నేను బీఈడీలో నేర్చుకోని పాఠం అది.

ఆ ఊపులోనే వెనక బెంచీ నుంచి ఇంకో పిల్ల లేచింది. "మేడమ్, బస్టాండు ఎదురుగా మన కాలేజీ ఫ్లెక్సీ ఉంది గదా. అందులో మూడో వరసలో ర్యాంకు అక్కది మా ఊరే. ఆ అక్క చదివింది గుంటూర్లో. మన దగ్గరికి పది రోజులు రివిజన్‌కి వచ్చింది. మరి దాన్నేమంటారు?" క్లాసంతా ఒక్కసారిగా గైడ్లు తెరిచి తలలు దించుకుంది. ఎందుకా అని తలుపు వైపు చూస్తే, పెద్దసారు. నవ్వుతున్నారు. "మంచి ప్రశ్నమ్మా. మేడమ్, చెప్పండి మరి" అన్నారు. తెలివైనదైతే బెల్లు కొట్టేదాకా దగ్గేది. నేను "డిసీట్‌ఫుల్ సార్" అన్నాను. (ఆ రోజు నా నోరు నా మాట వినలేదు. ఇప్పటికీ వినదు.) ఆయన "వెరీ గుడ్" అని ఇంకాస్త వెడల్పుగా నవ్వి వెళ్ళిపోయారు.

రెండు నెలలు తిరక్కుండా నాకు డీఎస్సీలో సర్కారు బడి టీచరు పోస్టుకి పేరొచ్చింది. వచ్చే సోమవారం గుంటూరులో ఒరిజినల్స్ చూపించాలి. చూపించకపోతే నా తర్వాతి నంబరువాళ్ళని పిలుస్తారు, అంతే సంగతులు. మంగళవారం పొద్దున్నే పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. "ఇంత ధైర్యంగా పాఠం చెప్పే మేడమ్‌ని ఎట్లా వదులుకుంటామమ్మా? బీరువా తాళం అకౌంటెంటు దగ్గరుంది" అన్నారు. అకౌంటెంటు "సారు దగ్గరేనండీ" అన్నాడు. బుధవారం తాళం పిడుగురాళ్ళ వెళ్ళింది, గురువారం తిరిగొస్తూ దార్లో ఆగిపోయింది. పోలీసుల దగ్గరికి వెళ్తానంటే టీ తెప్పించారు. కలెక్టరు దగ్గరికి వెళ్తానంటే బిస్కెట్లు కూడా తెప్పించారు. నాన్న పొలం పనుల్లో ఎండకు నల్లగా మాడిపోయి చదివించిన చదువు, ఆ ఇనప తలుపు వెనకాల నాకు రెండు గజాల దూరంలో ఉంది. నేను బిస్కెట్టు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. అంత అవమానం నాకు అంతకుముందు తెలియదు.

గురువారం సాయంత్రం గదికొచ్చి భోరున ఏడ్చాను. నాకు వండిపెట్టడానికని మా నానమ్మ ఊరి నుంచి వచ్చి పేటలో నాతోనే ఉండేది. చదువు లేదు, భయం లేదు. "నా నోట అబద్ధం రాదు" అనేది ఆవిడ ఊతపదం. చింతపండు పిసుకుతూ అంతా విని, "ఏమే, ఉద్యోగమంటే ఇయ్యడుగానీ పెళ్ళంటే ఇస్తాడుగా? ఆడపిల్ల పెళ్ళికి అడ్డంబడి పాపం మూటగట్టుకునేవోడు ఈ పల్నాట్లో పుట్టలా. పెళ్ళోరు చదువు కాయితాలు చూస్తామంటున్నారని చెప్తా" అంది.

"అబద్ధం రాదంటావుగా నానమ్మా, ఇప్పుడెట్లా వస్తుంది?"

"నువ్వు నోరు మూసుకుంటే అన్నీ వస్తయ్."

శుక్రవారం పొద్దున నానమ్మ పెద్దసారు ఎదురుగా కుర్చీలో దర్జాగా కూర్చుంది. ఎడ్లపాడు సంబంధం, పిల్లవాడు ట్రాక్టర్ల షోరూములో చేస్తాడు, వాళ్ళ చుట్టాల్లో ఒక పెళ్ళికూతురు డిగ్రీ పాసయ్యానని చెప్పి ఫెయిలైందంట, అప్పట్నుంచి కాయితాలు చూడందే మాట కలపట్లేదంట అని చెప్పింది. జిరాక్సులు చూపించండమ్మా అన్నారాయన. "జిరాక్సుదేముంది బాబూ, ఎవరి మొగం ఎక్కడైనా అచ్చేసుకోవచ్చు, మీ ఫ్లెక్సీలో లాగా" అంది. వెనకాల నిలబడి నేను ఆవిడ కొంగు లాగాను. ఆయన మాత్రం ఒక్క క్షణం నవ్వు ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, "పెళ్ళి విషయం కాబట్టి కాదనను. కానీ కాయితాలు ఆఫీసు దాటకూడదు. పెళ్ళివాళ్ళనే ఇక్కడికి తీసుకురండి, నా ఎదురుగా చూసుకుంటారు" అన్నారు.

బయటికొచ్చాక నేను తల పట్టుకున్నాను. "ఇప్పుడు పెళ్ళివాళ్ళని ఎక్కణ్ణుంచి తెస్తావు? బాగా నటించేవాళ్ళు కావాలి నానమ్మా. తడబడితే అయిపోతాం" అన్నాను. "వస్తార్లేవే" అంది. కాస్త వయసున్నావిడైతే బాగుంటుందన్నాను. "వస్తదిలే" అంది. నటన అన్న మాట నా నోట్లోంచి ఎన్నిసార్లు వచ్చిందో, ఆవిడ నోట్లోంచి ఒక్కసారి కూడా రాలేదు. ఆరు మాటలకి తేడాలు చెప్పిన పంతులమ్మని, ఇది నాకు అప్పుడు తట్టలేదు.

శనివారం పదకొండింటికి, సుద్దపొడి చీరతోనే ఆఫీసుకి వెళ్ళాను. ముతక నేత చీర కట్టుకున్న ఒక పెద్దావిడ, పక్కన గళ్ళ చొక్కాలో ఒక పొడుగాటి అబ్బాయి, ఆ పక్క కుర్చీలో నానమ్మ. మొదటి చూపులోనే నానమ్మ ఎంపికని మెచ్చుకున్నాను. ఆ ఎండలో వచ్చిన అలుపు, కుర్చీ అంచున కూర్చోవడం, ఆ అబ్బాయి చెవులు ఎర్రబడటం, ఎంత సహజంగా చేస్తున్నారో! పెద్దసారు తన చొక్కా జేబులోంచి (అవును, చొక్కా జేబులోంచే) తాళం తీసి బీరువా తెరిచారు. నా సర్టిఫికెట్లు బల్ల మీద పరిచారు. నేనిక రెచ్చిపోయాను. పెద్దావిడ "వంటొచ్చా అమ్మా?" అని అడిగితే, "రాదండీ. మా నానమ్మ వండుతుంది. పెళ్ళయ్యాక కూడా ఆవిడే వండుతుంది" అన్నాను. "జీతం ఎవరికిస్తావు?" అంటే "నా జీతం నాకే ఇస్తాను" అన్నాను. పెద్దసారు కంగారుపడి "మేడమ్ సరదాగా మాట్లాడుతుందండీ" అని సర్దబోయారు. ఆ అబ్బాయి ఇంటర్ మార్కుల కాగితం పైకెత్తి, "ఇంగ్లీషులో నలభై తొమ్మిదేనా అండీ?" అన్నాడు మెల్లగా. "దిద్దినాయనకి ఇంగ్లీషు రాదు" అన్నాను. పెద్దావిడ ఫక్కున నవ్వి, "మాట సూటిగా ఉంది" అంది.

అప్పుడు నేననుకోని మలుపు తిప్పిందావిడ. "ఇయ్యి మా బావగారు కూడా చూడాలండీ. విజయపురి సౌత్‌లో డ్యాం ఆఫీసులో చేసి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కలేడు. ఆయన చూడకుండా మా ఇంట్లో మంచం కూడా కొనరు." పెద్దసారు కాయితాల మీద చెయ్యి పెట్టారు. అబ్బే, బయటికి ఇవ్వడం కుదరదండీ అంటున్నారు. ఆవిడ మామూలుగా, "మా అమ్మాయి ఈ ఏడు టెన్త్ రాసింది. లెక్కల్లో నూటికి నూరొస్తయ్యంట. ఏ కాలేజీలో చేర్చాలో ఏమో" అంది. అడ్మిషన్ల సీజను. లెక్చరర్లమందరం తలా ఇరవై సీట్ల లెక్కన ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్న రోజులు. ఆ చెయ్యి కాయితాల మీంచి దానంతటదే లేచిపోయింది. కాలేజీ బొమ్మ ఉన్న కొత్త ఫైలులో నా జీవితాన్నంతా పెట్టి, పైన ఒక అడ్మిషన్ల కరపత్రం కూడా పెట్టి, "సోమవారం సాయంత్రానికి తెచ్చివ్వండమ్మా" అంటూ ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ దాన్ని తన చేతిసంచిలో పెట్టుకుంది.

గేటు దాటి సోడా బండి దగ్గరికి రాగానే నాకు నవ్వు ఆగలేదు. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "అత్తయ్యా, ఏం నటనండీ బాబూ! ఆ విజయపురి బావగారు, ఆ మోకాళ్ళ నొప్పులు! ఎవరు చెప్పారండీ మీకు?" అన్నాను. గళ్ళ చొక్కా అబ్బాయికి సోడా పొలమారింది. ఆవిడ నా చేతుల్లోంచి తన చేతులు తీసుకుంది.

"నటనేంది?"

ఆవిడ నానమ్మ వైపు తిరిగింది. "ఏంది పిన్నమ్మా ఇది? పిల్లకి చెప్పలా?"

"చెప్తే రానంటది గదమ్మా. అందుకని చెప్పలా" అంది నానమ్మ, సోడా తాగుతూనే.

అంటే సంబంధం నిజం. బావగారు నిజం. మోకాళ్ళు నిజం. డిగ్రీ ఫెయిలైన చుట్టాలమ్మాయి నిజం. నెల రోజులుగా నా వెనక కబుర్లు నడుస్తున్నాయట. నానమ్మను అక్కడికక్కడే కడిగేశాను. "నేనేం అబద్ధం ఆడానే? పెద్దసారుకి చెప్పిందంతా నిజం. వీళ్ళకి చెప్పిందీ నిజం. నీకు చెప్పలా, అంతేగా" అంది.

కానీ ఫైలు ఆ పెద్దావిడ సంచిలో ఉంది. సోమవారం నాకది కావాలి. అప్పుడు నేను "సరే అత్తయ్యా" అని ఒక్క మాట అంటే చాలు, ఫైలు చేతికొచ్చేది, కాదనేది తర్వాత చూసుకునేదాన్ని. ఆరు మాటల్లో ఏదో ఒకటి సరిపోయేది. ఆవిడ కూడా మెత్తబడి, "పోన్లేమ్మా, ఉద్యోగమొస్తే చేసుకోనిస్తాంలే" అంది. అదిగో, అక్కడ మళ్ళీ నా నోరు నా మాట వినలేదు.

"చేసుకోనివ్వడమేంటండీ? రాత్రీ పగలూ చదివి నేను తెచ్చుకున్న ఉద్యోగం. ఒకాయన బీరువాలో పెట్టుకుని ఇవ్వనంటాడు, మీరు ఇస్తామంటారు. నాది నాకివ్వడానికి మధ్యలో ఇంతమందెందుకు? నాకు ఇప్పుడు పెళ్ళి వద్దు. లోపల నేనన్న మాటలన్నీ మీరు నటిస్తున్నారనుకుని అన్నాను, కానీ ఒక్కటి కూడా అబద్ధం కాదు. మిమ్మల్ని ఎండలో ఇంతదూరం రప్పించినందుకు మాత్రం క్షమించండి."

ఏడవకూడదనుకున్నాను, ఏడ్చేశాను. సోడా బండి ఆయన సీసా తెరవడం ఆపి చూస్తున్నాడు. ఆవిడ చేతిసంచిలోంచి ఫైలు తీసి, కరపత్రం ఉంచేసుకుని, మిగతాది నా చేతిలో పెట్టింది. "ఎవరి కాయితాలు వాళ్ళ దగ్గరుండాలమ్మా. నీయి నాకెందుకు?" అంది. కొడుకుతో "పద, బస్సుకి టైమైంది" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "వంట మాత్రం నేర్చుకో. మొగుడి కోసం కాదులే, ఆ ముసలామె ఎన్నాళ్ళుంటది?" అంది.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఆ అబ్బాయి పెళ్ళికి శుభలేఖ వచ్చింది, వెళ్ళాను, ఆవిడ నన్ను అందరికీ "చేజారిన కోడలు" అని పరిచయం చేసింది. పెద్దసారు సోమవారం సాయంత్రం ఫోను చేసి బావగారు చూశారా అని అడిగారు. పెళ్ళి తప్పిపోయింది సార్, ఉద్యోగం వచ్చింది అన్నాను. "ఎవరైనా ఇంగ్లీషు చెప్పేవాళ్ళుంటే పంపించమ్మా" అన్నారు. వారం తిరక్కుండా బస్టాండు ఎదురుగా కొత్త ఫ్లెక్సీ లేచింది. మొదటి వరసలో, ఎవరి పెళ్ళిలోదో తెలియని ఫొటోలో, నవ్వుతూ నేను: మా కాలేజీ కన్న డీఎస్సీ విజేత! (దీనికి ఆరూ చాలవు. ఏడో మాట కావాలి.)

సోమవారం పొద్దున గుంటూరు బస్సులో నానమ్మ పక్కనే కూర్చుంది, రావద్దన్నా వినకుండా. ఫైలు రెండు చేతులతో గుండెకి హత్తుకుని, పేట దాటినప్పట్నుంచీ తిడుతూనే ఉన్నాను. చివరికి అడిగాను: "నిజం చెప్పు నానమ్మా. నీకు కావాల్సింది ఆ సంబంధమా, ఈ కాయితాలా?"

"రెండిట్లో ఏదొచ్చినా నాకు లాభమేగదే" అంది, కళ్ళు మూసుకునే.

ఆవిడ పోయి ఆరేళ్ళైంది. ఏది ఎక్కువ కావాలనుకుందో ఇప్పటికీ నాకు తెలియదు. క్షమించావా అని మా అమ్మ అడుగుతుంటుంది. లేదు. నాకు చెప్పకుండా చేసింది తప్పే, ఈ రోజుకీ అదే అంటాను. మళ్ళీ అదే అవసరం వస్తే మళ్ళీ ఆవిడనే పంపిస్తాను, అదీ అంటాను. ఆ రోజు బస్సు ఫిరంగిపురం చేరేసరికి ఆవిడ నా భుజం మీద తల వాల్చి గురకపెట్టింది. వినే మనిషి నిద్రపోయినా గుంటూరు దాకా నేను తిట్టడం ఆపలేదు. ఆ ఇరవై మూడేళ్ళ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అంత కోపంలోనూ, ఆవిడకి మెలకువ వస్తుందేమోనని భుజం మాత్రం కదిలించలేదు.